ఆ రోజు ఏం దాచారు?

ఆప్రికాట్లు రంగు తిరగడానికి ఇంకా వారం ఉందనగా ఆ ఉత్తరం వచ్చింది. మార్చి నెలాఖరుకి ఏటిగట్టు ఇల్లు మూసేస్తున్నామని.

ఏటిగట్టు ఇల్లంటే మేడా మిద్దే కాదు. నాలుగు గదులు, చక్రాల కుర్చీ పట్టే తలుపులు, ముర్రే నదివైపు ఒక వరండా. మనిషి సాయం లేనిదే రోజు గడవనివాళ్లు మా చుట్టుపక్కల తోటల్లో చాలా ఇళ్లలో ఉన్నారు. వాళ్లు వంతులవారీగా నెలకి నాలుగు రోజులు అక్కడ ఉండి వస్తారు. మా ఫొతిని కూడా వెళ్తుంది. ఫొతిని నా కూతురు. ఇరవై ఆరేళ్లది. పుట్టినప్పటినుంచీ కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు. మాట కూడా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వస్తుంది. బుర్ర మాత్రం వాళ్ల నాయనమ్మ ఆప్రికాట్ కత్తంత పదును.

ఆ నాలుగు రోజులూ నేను నడుం మంచానికి అప్పజెబుతాను. అంతకంటే చెప్పుకోదగ్గ పనేమీ చెయ్యను.

మా ఆయన మానోలి ఉత్తరం గట్టిగా చదివాడు. "ఇళ్లకి వచ్చి చేసిన సమీక్షల్లో ఈ ప్రాంతపు కుటుంబాలు చక్కగా నెట్టుకొస్తున్నట్టు తేలినందున..."

మా అత్తగారు అర్గిరో బఠాణీలు ఒలుస్తూ తలెత్తింది. "చక్కగా నెట్టుకొస్తున్నారన్నారంటే మెచ్చుకున్నట్టే కదుటే, థెక్లా?"

"మెచ్చుకుని మూసేస్తున్నారు, అత్తయ్యా."

ఉత్తరం అడుగున ఇంకో మాట ఉంది. కుటుంబాల అనుభవాలు సేకరించి సేవలు మెరుగుపరచాలని ఆ ఇల్లు నడిపే ఆఫీసువారి సంకల్పమట. మంగళవారం పదిన్నరకి హాల్లో సమావేశం, టీ, శాండ్‌విచ్‌లు. మంచం మీది మనిషిని వదిలి మంగళవారం పదిన్నరకి ఎవరొస్తారో ఆ సంకల్పం చేసినవారికి తట్టినట్టు లేదు.

ముగ్గురం వెళ్లాం. ఒకరు రజ్వంత్. ఆమెకు మాటలు రాని పదకొండేళ్ల కూతురు ఏకం ఉంది. బడి నుంచి ఫోనొస్తే పావుగంటకే లేచి పరుగెత్తింది. రెండోవారు మెర్ల్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కొడుకు డెస్‌కి యాభై ఒకటి, బుద్ధికి ఆరేళ్లు. మూడోదాన్ని నేను. అడిలైడ్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన టీగన్ అనే అమ్మాయి కలం పట్టుకుని మా ఎదురుగా కూర్చుంది.

"మీ అనుభవం చెప్పండి, మెర్ల్‌గారూ."

"మాకేమమ్మా, బాగానే ఉంది. మాకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్లు బోలెడుమంది. వాళ్ల సంగతి చూడండి."

టీగన్ ‘బాగానే ఉంది’ అని రాసుకుంది. రాయడం నేను చూశాను. తర్వాత నావైపు తిరిగింది. ఆమె పంచిన సమీక్ష ఫారం తిరగేశాను.

"ఏడో ప్రశ్నా పన్నెండో ప్రశ్నా ఒకటే. పధ్నాలుగోదానికి అవునన్నా తప్పే, కాదన్నా తప్పే," అన్నాను.

ఆ పిల్ల చెవులదాకా ఎర్రబడింది. కోపం తెచ్చుకోలేదు. ఖాళీ కాగితాల కట్ట నా ముందుకి జరిపింది. "అయితే మీరే రాయండి, థెక్లాగారూ. ఫారాలు పక్కనపెట్టండి. ఫిబ్రవరి నెలాఖరులోపు ఎన్ని ఇళ్ల మాటలు తెస్తే అన్నీ మా పైఆయన ముందు పెడతాను. అవి లేకపోతే ఆ ఇల్లు నిలబెట్టడానికి నా చేతిలో ఏమీ లేదు."

ఇంటికొచ్చి పదకొండు ఇళ్లకి ఫోన్లు చేశాను. పదకొండు ఇళ్లవాళ్లూ బాగానే ఉందన్నారు. పన్నెండో ఇల్లు మాది. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.

అంతలో డిసెంబరు ఎండలు ముదిరి ఆప్రికాట్లు పండాయి. ఆప్రికాట్లు పండాక మా వైపు ఇంకో పని ఉండదు.

మా షెడ్డులో పొడుగాటి బల్ల. దానికి రెండువైపులా ఆడవాళ్లు. పండు గీత వెంట కత్తిని చుట్టూ ఒకసారి తిప్పి, రెండు చెక్కలు విడదీసి, పిక్క తీసి, చెక్కల్ని కొయ్య ట్రేలో వెల్లకిలా పేర్చాలి. గంధకం పొగ పట్టించి ఎండలో పెడతారు. ఒక్క చెక్క బోర్లా పడినా రసం కారి, అడుగు అంటుకుని, ట్రే పాడవుతుంది. అందుకని బల్ల చివర ఫొతిని కుర్చీ వేస్తాం. నిండిన ట్రే ఆమె ముందునుంచే పోవాలి.

"మూ...డో వరస. చి...వరిది. బో...ర్లా," అంటుంది.

"ఈ పిల్ల కళ్లు కావు, కస్టమ్స్ ఆఫీసు," అనేది మెర్ల్.

మెర్ల్ ఏటా వస్తుంది. డెస్ ఆమె పక్కనే కూర్చుని పిక్కలు బకెట్లో వేస్తాడు. రజ్వంత్ కూడా ఆ ఏడు వచ్చింది. బడి సెలవులు గనక ఏకంని వెంటబెట్టుకొచ్చేది. ఆ పిల్ల బల్లకింద ఖాళీ ట్రేల గూడు కట్టుకుని గంటలు గంటలు అందులోనే ఉండేది.

మూడో రోజు అనుకుంటాను. చేతులు రసంతో జిగురుగా ఉన్నాయి. అందరి చూపూ కత్తిమీదే. ఎవరి మొహంలోకీ ఎవరూ చూడాల్సిన పని లేదు. మెర్ల్ కత్తి ఆపకుండానే అంది.

"మొన్నామధ్య సమీక్షకి వచ్చినావిడ ‘డెస్ స్నానం తనే చేస్తాడా’ అంది. ‘చేస్తాడు’ అన్నాను. అబద్ధమేం కాదు, చేస్తాడు. నేను బాత్రూం తలుపు తీసిపెట్టి గచ్చుమీద కూర్చుని ‘ఇప్పుడు చంక, ఇప్పుడు మెడ’ అంటూ గంటసేపు చెప్పాలి, అంతే. గచ్చుమీద కూర్చుంటే లేవడానికి నాకు సింకు పట్టుకోవాలి."

"ఆ గంట సంగతి చెప్పారా ఆవిడకి?" అన్నాను.

"ఎలా చెప్తానే? పైగా వాడి కమోడ్ కుర్చీ ముందే తీసుకెళ్లి బట్టలుతికే గదిలో దాచేశాను. దానిమీద దుప్పటి కప్పాను. అదంతా అసహ్యంగా ఉంటుంది కదా, మనిషి వచ్చేసరికి!"

రజ్వంత్ ఫక్కున నవ్వింది. నవ్వాపుకోలేక కత్తి కింద పెట్టేసింది. "మేము గేటుకున్న మూడు గొళ్లేలూ ఊడదీశాం, ఆంటీ! మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని పొద్దున్నే మొదలెట్టాడు. మా ఏకం సందు దొరికితే నదివైపు పరుగెడుతుంది. గొళ్లేలు చూస్తే పిల్లని బంధించారంటారేమోనని భయం. ఆ గంటసేపూ ఆయన గేటు బయట తోటకి నీళ్లు పెడుతున్నట్టు నటిస్తూ కాపలా కాశాడు. ఆరోజు వాన!"

"వానలో నీళ్లు పెట్టాడా?"

"వానలోనే!"

బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే చెయ్యి తుడుచుకుని, ట్రేకి అంటించే చీటీ వెనకవైపు తీసుకుని రాయడం మొదలుపెట్టాను.

అప్పట్నుంచి నేను ‘మీ అనుభవం చెప్పండి’ అనడం మానేశాను. ‘ఎలా ఉంది’ అని అసలే అడగలేదు. రెండే ప్రశ్నలు. నిన్న పొద్దున్న లేచిందగ్గర్నుంచి ఏం జరిగింది? సమీక్షకి వాళ్లొచ్చిన రోజు ఏం దాచారు?

రెండో ప్రశ్నకి జవాబు లేని ఇల్లు ఒక్కటీ తగల్లేదు. ఒకాయన గోడకి పడ్డ చిల్లుల మీద కేలండర్ తగిలించాడు. ఒకావిడ తన చేతి మీది పంటిగాట్లు కనపడకుండా మండుటెండలో పొడుగు చేతుల స్వెటరు వేసుకుంది. మాటలు షెడ్డు దాటి తోటలకి పాకాయి. మధ్యాహ్నం టీవేళకి ఎవరో ఒకరు కారాపుకుని, "దాచినవాటి గురించి రాసేది మీరేనా?" అంటూ వచ్చేవారు.

ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరి మాటలు రాసుకున్నా మర్నాడు వాళ్లకే చదివి వినిపించాలి. కాదన్నది కొట్టెయ్యాలి. ‘దాదాపు’ అన్నచోట ‘దాదాపు’ అనే ఉంచాలి. మెర్ల్ తనది విని, "గంటసేపు కాదే, యాభై నిమిషాలు. ఎక్కువ చేసి చెప్పకు," అంది. దిద్దాను.

మా అత్తగారు ఇదంతా మూతి ముడుచుకుని వింటూ ఉండేది. ఒక సాయంత్రం తొట్టి దగ్గర కత్తులు కడుగుతూ నన్ను పట్టుకుంది.

"ఊళ్లోవాళ్ల గుట్లన్నీ పోగేశావు. బాగానే ఉంది. మనింటి గుట్టు కూడా రచ్చకెక్కిస్తావా?"

"ఎక్కించాలి, అత్తయ్యా. వాళ్లందరి చేతా చెప్పించి నేను తప్పుకుంటే ఏం మర్యాద?"

"నలభై ఏళ్లుగా ఈ ఇంటి గడప తొక్కినవాడు ఎవడూ మురికి చూసి వెళ్లలేదు. ఏడుపు చూసి వెళ్లలేదు. నా మనవరాలి గురించి ‘అయ్యో పాపం’ అన్న నోరు లేదు ఈ ఊళ్లో."

"లేదు. అందుకే మూసేస్తున్నారు."

ఆవిడ నేలమీద మూడుసార్లు ఉత్తుత్తిగా ఉమ్మి, దిష్టి దూరం చేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మేం దాచింది చిన్నదేం కాదు. ఫొతినిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో దించే యంత్రం. మనిషంత ఎత్తు, ఇనుప కాళ్లు, వేలాడే గుడ్డ ఊయల. దాన్ని మానోలి, నేను ద్రాక్షతోట కొట్టంలోకి ఈడ్చుకెళ్లి గోనెపట్టాలు కప్పాం. అత్తగారు బిస్కట్లు కాల్చింది. ఫొతినికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగాను. సమీక్షకొచ్చినావిడ ఎదురుగా ఫొతిని ఒక బిస్కట్ సొంతంగా తిన్నది. ‘తనంతట తనే తింటుంది’ అన్నాను. ఆ ఒక్క బిస్కట్‌కి ఎంతసేపు పట్టిందో, మిగతా మూడుపూటలూ ఏమవుతుందో నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు. ఆవిడ ఫారంలో ఒక అక్షరం తప్పుపోతే మాత్రం దిద్ది ఇచ్చాను.

జనవరి చివరికి ట్రేలన్నీ ఎత్తేశాం. పదిహేడు ఇళ్ల కాగితాలు నా వంటింటి సొరుగులో ఉన్నాయి. పద్దెనిమిదోది మాది. రెండు పూటలు కూర్చుని రాశాను. నా నడుం, రాత్రికి నాలుగుసార్లు పక్క తిప్పడం, ఆ నాలుగు రోజుల నిద్ర. మానోలికి చదివి వినిపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అత్తగారు వినడానికి రాలేదుగానీ తలుపు అవతల నిలబడింది.

బాగానే వచ్చిందనుకున్నాను. కాగితాలు సర్దుతుంటే వరండాలోంచి ఫొతిని పిలిచింది.

"నా...ది?"

"నీదేంటమ్మా?"

"అందరిదీ వా...ళ్లకి చదివావు. నాది నాకు?"

నిలబడ్డదాన్ని కూర్చున్నాను. పదిహేడు ఇళ్లలో తప్పని నియమం మా ఇంట్లో తప్పింది. ఆమె గురించి ఆరు పేజీలు రాసి ఆమెకే వినిపించలేదు.

చదివాను. కళ్లు మూసుకుని విన్నది. అయ్యాక, "మొ...దటి పేజీ. బో...ర్లా," అంది.

"ఏం తప్పు రాశాను?"

"తప్పు కా...దు. నీది. నేను చెప్తా. రా...సుకో. మ...ధ్యలో—"

"అందుకోను," అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆ మాట కూడా మధ్యలోనే అందుకున్నాను.

ఫొతిని నవ్వింది. నవ్వితే ఒళ్లంతా కుదుపుతుంది ఆమెకి.

రెండు పొద్దులు పట్టింది, పన్నెండు వాక్యాలకి. ఆమె ఏం చెప్పబోతోందో సగం మాటకే నాకు తెలిసిపోతుందనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆ రెండు పొద్దులూ ఒక్కసారీ నేననుకున్నది రాలేదు. ‘ఏటిగట్టు ఇల్లు’ దగ్గర నేను కలం ఆపి, ‘అమ్మకి విశ్రాంతి’ అంటుందని చూస్తున్నాను.

"ఏటిగట్టు ఇంట్లో నా గదికి లో...పల గడియ ఉంది," అంది. "అక్కడ నేను తిన్నానా లేదా అని ఎవరూ ఇం...కొకళ్లని అడగరు. న...న్నడుగుతారు. మా అమ్మకి విశ్రాంతి అని అందరూ అం...టారు. నాకు కూడా మా అమ్మనుంచి."

రాశాను. ఒక్క అక్షరం సర్దలేదు. చదివి వినిపిస్తే, "స...రిపోయింది," అంది. నేను లేచి వెళ్లి కాసేపు గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్లీ తోమాను. తర్వాత నా ఆరు పేజీలు తీసి రెండు పేజీలకి తగ్గించి, ఫొతిని కాగితం కట్టకి పైన పెట్టాను.

ఫిబ్రవరి ఆఖరి గురువారం టీగన్ వాళ్ల పైఆయన్ని తీసుకొచ్చింది. పెండర్ అని, నెరిసిన జుట్టు, మర్యాదస్తుడు. ఈసారి హాల్లో కాదు, మా షెడ్డుకే రమ్మన్నాను. సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకైతే తమవాళ్లని వెంటబెట్టుకుని రావచ్చు. పద్దెనిమిది ఇళ్లవాళ్లలో పదిహేను ఇళ్లవాళ్లు వచ్చారు. మెర్ల్ డెస్‌కి టై కట్టింది. రజ్వంత్ మొగుడు గేటు దగ్గర నిలబడితే, "ఇవాళ వాన లేదు నాయనా, నీళ్లు పెట్టు!" అని ఎవరో అరిచారు.

ముందు ఫొతిని మాట్లాడాలని అందరం అనుకున్నాం. బల్ల చివర, తన చోట్లోనే కూర్చుంది. పెండర్‌గారు ముందుకి వంగారు.

"నా పే...రు ఫొతిని. ఏ...టిగట్టు..."

ఆగింది. ఊపిరి తీసుకుంటోంది. నేను రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ మాట నా నాలుక చివర ఉంది. వాక్యమంతా కంఠతా వచ్చు నాకు. మింగాను.

"ఏటిగట్టు ఇంట్లో మీకు సౌకర్యంగా ఉంటుంది, అంతేనా అమ్మా?" అన్నారు పెండర్‌గారు, దయగానే.

ఠక్‌మని చప్పుడైంది. మా అత్తగారు, ఆ రోజుదాకా ఈ కాగితాల జోలికి రాని మనిషి, జేబులోంచి తీసిన ఆప్రికాట్ కత్తి పిడితో బల్లమీద కొట్టింది.

"ఆగు బాబూ. మా పిల్ల ఇంకా మాట్లాడుతోంది."

పెండర్‌గారు ఆగారు. షెడ్డంతా ఆగింది. పన్నెండు వాక్యాలూ చెప్పడానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ గడియారం చూడలేదు. డెస్ కూడా అలవాటుగా ముందు పెట్టుకున్న ఖాళీ బకెట్ కదపలేదు. చివరి వాక్యానికి కొందరు నావైపు చూశారు. నేను తల దించుకోలేదు. నా కూతురు అంత సూటిగా, అంత పొదుపుగా మాట్లాడుతుంటే తల దించుకోవడం దేనికి?

తర్వాత ఒక్కొక్కరూ తమ కాగితం తామే చదివారు. మెర్ల్ వంతు వచ్చేసరికి కళ్లద్దాలు మరిచిపోయానంది. కాగితం లేకుండానే కమోడ్ కుర్చీ సంగతి చెప్పింది, మధ్యలో యాభై నిమిషాలని మరీ నొక్కి. టీగన్ రాస్తూనే ఉంది. ఈసారి ఆమె రాసుకున్నవి నాకు చూపించి, "సరిగ్గా రాశానా?" అని అడిగింది. ఒకచోట ‘దాదాపు’ వదిలేసింది. చేర్పించాను.

అందరూ అయ్యాక, అత్తగారు లేచి నిలబడింది. "మేం ఆ ఇనుప యంత్రం కొట్టంలో దాచాం. గోనెపట్టాలు కప్పమన్నది నేనే. అదీ రాసుకోండి. నా పేరు అర్గిరో, రెండు ‘ర’లూ సరిగ్గా ఉండాలి."

మార్చి మూడోవారంలో ఉత్తరం వచ్చింది. ఏటిగట్టు ఇల్లు మూయడం లేదు. ఇకమీద సమీక్షలకి కొత్త ఫారం వాడతారట, దాని నమూనా జతచేశారు. మొదటి ప్రశ్న: నిన్న పొద్దున్న లేచిందగ్గర్నుంచి ఏం జరిగింది? దానికింద చిన్న అక్షరాల్లో ఒక సూచన, సమీక్ష చేసేవారికి: జవాబు చెబుతున్న వ్యక్తి ముగించేవరకు ఆగవలెను. పన్నెండో ప్రశ్న తీసేశారు. పధ్నాలుగోది ఇంకా అలాగే ఉంది. దాని గురించి టీగన్‌కి రాశాను.

ద్రాక్ష కోతలు ముగిసేవేళకి మా ఇంటికి మళ్లీ సమీక్ష పడింది. ఆ పొద్దున్న నేను తోటనుంచి వచ్చేసరికి బిస్కట్ల వాసన గుప్పుమంది. ‘ఈవిడ మారదు’ అనుకుంటూ ముందుగదిలోకి అడుగుపెట్టి ఆగిపోయాను.

ఎత్తే యంత్రం గది నడిమధ్య ఉంది, వచ్చినవాళ్లకి ముందదే కనపడేట్టు. ఇనుప కాళ్లు మొహం చూసుకునేట్టు తోమి ఉన్నాయి. ఊయల గుడ్డ ఉతికి ఆరేసి తగిలించారు. యంత్రం పైచేతి మీద, అత్తగారి పెళ్లినాటి పెట్టెలోంచి తీసిన అల్లిక లేసు కప్పారు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమిటలా చూస్తావు? దాచొద్దన్నావు గానీ, దుమ్ముతో చూపించమన్నావా?"

ఫొతిని కుర్చీలో కూర్చుని యంత్రాన్ని పైనుంచి కిందికి, ట్రేని చూసినట్టే చూసింది.

"ఏ...మైనా తక్కువా?" అంది నాయనమ్మ, ఆమె గొంతుని అనుకరిస్తూ. ఆ ఇంట్లో అలా అనుకరించే హక్కు ఆవిడకొక్కదానికే ఉంది.

"ఒ...కటి," అంది ఫొతిని.

ముసలావిడ ఆలోచించింది. తర్వాత తన మెడలోంచి నీలంకన్ను పూస తీసి, దిష్టి తగలకుండా, యంత్రం కొక్కేనికి కట్టింది.

బయట కారు ఆగింది.